ఉపవాసంలో మింగిన మాత్ర

పోయిన వారం నేను అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర, చేతిలో రిపోర్టుతో నిలబడి ఉన్నాను. ఆరు నెలల కిందట ఒంట్లో వైరస్ కనపడలేదని చెప్పిన అదే పరీక్ష ఈసారి వేలల్లో అంకె చూపించింది. మా ఆయన లెవీ ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి నా బ్యాగులో పెట్టి, "నిజం చెప్పు, గోలీలు ఏస్కుంటున్నవా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మెట్లెక్కి వెళ్లిపోయాడు. అది శుక్రవారం. అప్పటినుంచి బుధవారం దాకా మా ఇద్దరి మధ్య "అన్నం పెట్టనా", "పెట్టు" తప్ప మాటల్లేవు.

వారం వారం నేను చెబుతున్న ఈ కథలో మధ్యలో చేరినవాళ్ల కోసం కాస్త చెబుతాను. నా పేరు లోయిస్. నాకు హెచ్ఐవీ ఉంది. నేను తెచ్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. అమ్మానాన్న పోయాక రేపల్లెలో మా అమ్మమ్మ పెంచింది. చిన్నప్పుడు ఆ మాత్రలు చేదని ఏడిస్తే బెల్లం ముక్క చేతిలో పెట్టి మింగించేది. ఇప్పుడు పంజాగుట్టలో ఒక కళ్లద్దాల షాపులో పనిచేస్తున్నాను. లెవీ అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్లు చూసుకుంటాడు. అతనికి ఈ జబ్బు లేదు. నా సంగతంతా పెళ్లికి ముందే చెప్పాను. వైరస్ కనపడని స్థితిలో ఉన్నంతకాలం భర్తకి అంటదని, నిశ్చింతగా పిల్లల్ని కనొచ్చని మా డాక్టరు హైమవతి గారు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఆ ధైర్యంతోనే క్రిస్మస్ వెళ్లాక జాగ్రత్తలు మానేశాం. ఇంట్లో ఈ సంగతి తెలియనిది మా అత్తయ్య జీవమణి గారికి ఒక్కరికే.

మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో దగ్గితే రెండో గదిలోంచి నీళ్లు తెచ్చిస్తారు. అందుకే మా దెబ్బలాటలన్నీ రోడ్డు మీదే జరుగుతాయి. బుధవారం పంజాగుట్టలో ఉన్న మా మందుల సెంటర్‌కి ఇద్దరినీ రమ్మన్నారు. ఆటో ఎక్కుదామంటే లెవీ నడుద్దామన్నాడు. నడవడం అంటే ఏమిటో నాకు అర్థమైంది.

మైత్రీవనం దగ్గర జావా, డేటా సైన్స్ అంటూ చేతుల్లో కాగితాలు కుక్కేవాళ్లని దాటేదాకా ఊరుకున్నాడు. మెట్రో స్తంభాల కిందికి వచ్చాక, పక్కన బస్సు హారన్ మోగుతుంటే మొదలుపెట్టాడు.

"గా ఈస్టర్ ముందటి శ్రమకాలం మీటింగులకి బయటనుంచి ఒకాయన వచ్చిండు గదా. విశ్వాసం ఉన్నోళ్లు గోలీల డబ్బాలు అవతల పారేయున్రి అన్నడు. గా రోజు నువ్వు ముందుకు పోయి మోకాళ్ల మీద పడ్డవ్. మస్తు ఏడ్చినవ్. నేను చూసిన."

"ఏడ్చింది పిల్లల కోసం."

"పారేసినవా, లేదా? గది చెప్పు."

"లెవీ, ఆయన అలా అన్న మర్నాడే మన పాస్టరు ఏసోబు గారు లేచి, డాక్టరూ దేవుడిచ్చినవాడే, ఎవరూ మందులు మానొద్దు అని చెప్పారు. ఆ మాట నువ్వు వినలేదా, నేను వినలేదా?"

"విన్న. మరి గా నంబర్ ఎట్ల పెరిగింది? నిప్పు లేనిది పొగ రాదు గదా."

నాకు ఒళ్లు మండిపోయింది. పదో తరగతి పరీక్షల్లో వేసుకున్నాను. టైఫాయిడ్ వచ్చి మంచినీళ్లు కూడా నిలవని రోజుల్లో వేసుకున్నాను. పెళ్లిరోజు పట్టుచీర కట్టుకుని, బాత్రూంలో నిలబడి వేసుకున్నాను. ఒక్కరోజు మానలేదు. అలాంటి దాన్ని పట్టుకుని మాత్రలు పారేశావా అని అడగడమంటే గుడ్డ కాల్చి మీద వేసినట్టే.

"మానలేదు. ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్తాను. నీకు నమ్మకం లేకపోతే నేనేం చేసేది?"

అతను నడక ఆపాడు. నా వైపు తిరిగి చాలా మెత్తగా అన్నాడు. "చూడు లోయిస్, పారేసినా ఫికర్ లేదు. నేనేం అనను. దేవుని మీద ప్రేమతోని చేసినవనుకుంట. అబద్ధం మాత్రం చెప్పకు."

తిట్టినా బావుండేది. చెయ్యని తప్పుని ముందే క్షమించేసిన మనిషితో ఏం వాదిస్తాం? అక్కడినుంచి పంజాగుట్ట ఫ్లైఓవర్ దాకా నేనతని మొహం చూడలేదు. ఈ మాత్ర మీద నాకున్న మంచిపేరు పోతే నా దగ్గర ఇంకేమీ మిగలదని మాత్రం గట్టిగా అనిపించింది. అతను నన్ను చేసుకున్నది ఆ పేరు నమ్మే.

సెంటర్‌లో మా కౌన్సెలర్ మంజూష గారు. కాకినాడ మనిషి, గొంతు పెంచరు, తగ్గించరు. రిపోర్టు చూసి, మమ్మల్ని చూసి, తలుపు దగ్గరగా వేశారు.

"ఏంటి, ఇద్దరూ చెరో గోడ చూస్తున్నారు?" అన్నారు.

లెవీ అంతా చెప్పేశాడు. మీటింగులు, బయటి బోధకుడు, నా ఏడుపు, అన్నీ. చాడీ చెప్పినట్టు కాదు, జ్వరం వచ్చిన పిల్లని చూపించి లక్షణాలు చెబుతున్నట్టు చెప్పాడు. అదీ నాకు కోపమే తెప్పించింది.

"లెవీ గారూ, అంకె పెరిగితే మాత్రలు మానేశారనే మొదట అనుమానం వస్తుంది. మాకూ వస్తుంది. కానీ అదొక్కటే కారణం కాదు," అని ఆవిడ నా వైపు తిరిగారు. "లోయిస్, ఈ మధ్య టైం ఏమైనా మార్చావా?"

"శ్రమకాలం నలభై రోజులూ పొద్దున్నకి మార్చానండీ. మామూలుగా రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటాను. శ్రమకాలంలో సాయంత్రం ప్రార్థన కూడికలు మా ఇంట్లోనే. పడుకునేదాకా ఆడవాళ్లు కదలరు. వాళ్ల మధ్య డబ్బా తియ్యలేను. పొద్దున్న అయినా రోజూ ఒకే వేళకి వేసుకున్నాను. పండగ అయ్యాక మళ్లీ రాత్రికి మార్చాను."

"మాత్రలు ఆ డబ్బాలోనే ఉంచావా? కాగితంలో పొట్లం కట్టడం, వేరే సీసాలో పొయ్యడం లాంటివి చేశావా?"

"లేదండీ. డబ్బాలోనే ఉన్నాయి. చెమ్మ తగలకుండా అందులో పెట్టిన చిన్న పొట్లం కూడా తియ్యలేదు."

"వేరే మందులేమైనా వాడావా?"

"లేదండీ."

ఈ మాట ఎంత ధీమాగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

మంజూష గారు సొరుగులోంచి ఒక పిప్పరమెంటు బిళ్ల తీసి నా అరచేతిలో పెట్టి, నీళ్ల సీసా నా ముందుకు జరిపారు. "ఇదే మాత్ర అనుకో. ఉపవాసం రోజుల్లో పొద్దున్న లేచి ఎలా వేసుకునేదానివో అలాగే చేసి చూపించు. నోటితో చెప్పొద్దు, చేసి చూపించు."

చిన్నపిల్లల ఆటలా అనిపించింది. కానీ ఆవిడ మొహంలో ఆట లేదు. బిళ్ల పిడికిట్లో పెట్టుకుని నిలబడ్డాను. నీళ్ల సీసా పక్కకి జరిపాను.

"నీళ్లు తాగవా?"

"మా ఇంట్లో ఉపవాసం అంటే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరండీ. సాయంత్రం ప్రార్థన అయ్యాకే. పొద్దున్నే గ్లాసు ఎత్తితే అత్తయ్య చూస్తారు."

"మరి మాత్ర ఎలా దిగుతుంది?"

అప్పుడు చెప్పాను. నలభై రోజుల ఉపవాసం నాకు కడుపు పండాలని అత్తయ్య మొక్కుకున్నదే. ఆవిడా నాతోపాటు ఉన్నారు. రెండోరోజుకే నాకు కడుపులో మంట మొదలైంది. ఏసోబు పాస్టరు గారిని అడిగితే, మందు తాగితే ఉపవాసం చెడదు, మందు మందే అన్నారు. ఇంకేముంది, అత్తయ్య రోజూ తెల్లారగానే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, గులాబీ రంగు గ్యాస్ సిరప్పు మూత నిండా పోసి ఇచ్చేవారు. "తాగు బిడ్డ, మంట తగ్గుతది" అనేవారు. నేను స్నానాల గది నుంచి వస్తూ మాత్ర నాలుక కింద పెట్టుకునేదాన్ని. మూత ఎత్తి గుటక వేస్తే రెండూ కలిసి దిగిపోయేవి. ఎవరి కంటా పడకుండా ఎంత తెలివిగా వేసుకుంటున్నానో అని లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా.

చెప్పి, సిరప్పు తాగినట్టు ఖాళీ చెయ్యి పైకెత్తి, పిప్పరమెంటు బిళ్ల మింగేశాను.

మంజూష గారు నవ్వలేదు. "రోజూ? ఖాళీ కడుపు మీద? ఆ సిరప్పుతోనే?"

"రోజూనండీ."

"వేరే మందులు లేవన్నావు కదమ్మా."

"అది మందేంటండీ. మా ఇంట్లో ఉప్పు డబ్బా పక్కన ఉంటుంది."

అన్నాక నాకే వినిపించింది. పాస్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు అది మందు, అందుకే తాగొచ్చు. సెంటర్‌లో అడిగినప్పుడు అది మందు కాదు, అందుకే చెప్పక్కర్లేదు. ఒకే సీసాని రెండు చోట్ల రెండు రకాలుగా చెప్పాను. అబద్ధం ఆడుతున్నానన్న ఆలోచన కూడా రాలేదు.

మంజూష గారు లేచి వెళ్లి హైమవతి గారిని వెంటబెట్టుకొచ్చారు. డాక్టరమ్మ కూర్చోకుండానే విని, ఆ సిరప్పు పేరు అడిగారు. నాకు గుర్తులేదు. లెవీ టక్కున చెప్పాడు.

"ఈ రోజుల్లో మీరు వేసుకునే మాత్రలో అసలు బలమైన మందు ఒకటుంటుంది," అన్నారు హైమవతి గారు. "గ్యాస్ సిరప్పుల్లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. రెండూ కడుపులో ఒకేసారి పడితే అవి ఆ మందుని పట్టేసుకుంటాయి, రక్తంలోకి వెళ్లనివ్వవు. నువ్వు మాత్ర మానలేదు లోయిస్, మింగావు. అది నీ ఒంటికి చేరాల్సినంత చేరలేదు."

ఐదు రోజులుగా గొంతులో పెట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. నిర్దోషి అని తేలినందుకో, నలభై రోజులు నా చేత్తో నేనే చేసుకున్నందుకో నాకు తెలియదు. మంజూష గారు ఏడవనిచ్చారు. కాసేపటికి లెవీ గొంతు వినబడింది.

"మేడం, గా సీసాలు నేనే తెచ్చిన. ఒకటి అయిపోతే ఇంకొకటి. అమ్మ చెప్తుండె, తెస్తుంటి."

"మీకు తెలిసి తెచ్చారా? లేదు కదా," అన్నారు హైమవతి గారు. "ఇంకో మాట. ఇదే కారణమని ఇవాళే ఒట్టేసి చెప్పలేను. నాకు గట్టి అనుమానం, అంతే. సిరప్పు ఆగిపోయింది కాబట్టి మాత్ర సరిగ్గా వేసుకుంటూ మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేద్దాం. తగ్గితే మంచిది. తగ్గకపోతే వైరస్ ఈ మందుకి అలవాటు పడిందేమో చూసి, వేరే మందుకి మార్చాలి."

"ఈలోపు రోజుకి రెండు వేసుకోనాండీ? పోయింది కలిసొస్తుంది కదా."

"ససేమిరా వద్దు. రోజుకి ఒకటే. ఎప్పుడైనా మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు ఆ ఒకటి వేసుకోవాలి, తర్వాతి మాత్ర వేళ దగ్గరపడితే మాత్రం మామూలుగా దాని వేళకి అదే. జంట మాత్రలు ఎప్పుడూ వద్దు. నాకు చెప్పకుండా ఆపడం అంతకన్నా వద్దు."

"మంట పుడితే ఏం చెయ్యాలి మరి?"

"ముందు నాకు ఫోన్ చెయ్యి. ఆ సిరప్పు తప్పదనుకుంటే, మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత తాగొచ్చు. సిరప్పే ముందు తాగేస్తే, ఆరు గంటలు ఆగి మాత్ర వేసుకోవాలి. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు కూడా అంతే, ఖాళీ కడుపు మీద కలిపి వేసుకోకూడదు. అన్నంతోపాటు అయితే కలిపి వేసుకోవచ్చు. పిల్లల కోసం చూస్తున్నారు కాబట్టి రేపు ఐరన్ ఇచ్చేవాళ్లం మేమే. అందుకే ఇప్పుడే చెబుతున్నా. ఇక ఉపవాసమంటావా, ఈ మాత్ర అన్నం లేకుండా కూడా పనిచేస్తుంది. గుక్కెడు నీళ్లు మాత్రం తాగు. మీ పాస్టరు గారు ఒప్పుకోకపోతే నా దగ్గరికి పంపు."

"ఒప్పుకుంటారండీ. ఆయనకి నా సంగతి తెలియదు గానీ, మంచివాడే."

ఆ గదిలో అప్పుడు కాస్త గాలి ఆడినట్టయింది. లెవీ తన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. నా మోచేతి మీద చెయ్యి వేసి, "మాఫ్ చెయ్" అన్నాడు, డాక్టరమ్మ ముందే. నేను వెంటనే మాఫ్ చెయ్యలేదు. నాకు నోరెక్కువ. "ఇంటికెళ్లాక చూస్తాను" అన్నాను. అయినా చెయ్యి తీసెయ్యలేదు.

నా కథ అంతటితో అయిపోయింది అనుకున్నాను. గెలిచాను, నా మాట నిజమైంది, పదండి పోదాం అనుకున్నాను. హైమవతి గారు మాత్రం కదల్లేదు. రిపోర్టు మీద తేదీ చూశారు. నెలసరి ఎప్పుడొచ్చిందని అడిగారు. పోయిన వారమే వచ్చిపోయిందని చెప్పాను. ఆవిడ లెవీ వైపు తిరిగారు.

"క్రిస్మస్ తర్వాత నుంచి జాగ్రత్తలు మానేశారు కదూ?"

"మీరు చెప్పినంకనే మేడం."

"అవును, నేను చెప్పాకే. శ్రమకాలంలో కూడా?"

లెవీ నా వంక చూసి తల దించుకున్నాడు. "అమ్మ పెట్టిన ఉపవాసం తిండికే మేడం."

"రిపోర్టు వచ్చాక? ఈ ఐదు రోజుల్లో?"

"రిపోర్టు వచ్చినప్పటి నుంచి మాట్లాడుకుంటనే లేం."

"సరే. మళ్లీ వైరస్ కనపడకుండా పోయేదాకా కండోమ్ తప్పనిసరి. పిల్లల మాట అప్పటిదాకా పక్కన పెట్టండి. ఇప్పుడు మీరు వెళ్లి రక్తం ఇవ్వండి లెవీ గారూ. ఇవాళ ఏమొచ్చినా, కొన్ని వారాల తర్వాత ఇంకోసారి చెయ్యాలి."

సిగ్గుతో చెబుతున్నాను, ఆ ఐదు రోజుల్లో అతను నా మాట నమ్మలేదన్న మంట తప్ప, అతని ఒంట్లో ఏముందోనన్న ఆలోచన నాకొక్కసారి కూడా రాలేదు. నా ఒంట్లో అంకె పెరిగిందంటే అతనికి ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు? పుట్టినప్పటినుంచీ ఆ లెక్కలోనే బతుకుతున్నాను.

లెవీ చొక్కా చెయ్యి మడిచి వెళ్లాడు, దూది అద్దుకుంటూ తిరిగొచ్చాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అక్కడున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడరు, అది అక్కడి మర్యాద.

"నీకు ముందే తట్టింది కదా," అన్నాను.

"మెట్రో మెట్ల కాడనే తట్టింది."

"మరి నన్ను మాత్రల గురించి అడిగావేం? నా సంగతేంటి అని అడగాల్సింది."

చూపుడు వేలితో దూది నొక్కుకున్నాడు. "గట్ల అడిగితే నువ్వు గోలీలు మరిచిపోతవ్, నా ఫికర్ పట్టుకుంటవ్. నువ్వు ఏస్కుంటే గంతే చాలనిపించింది. ఇంక భయమైతే ఉంది, లేదంటలేను. జర కోపం సుత ఉండె. నాకు చెప్పకుండ గంత పెద్ద సాహసం చేసినవేమో అని."

"నేనేం సాహసం చెయ్యలేదు. సిరప్పు తాగాను."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఏమొచ్చినా ఒకరి మీద ఒకరం నింద వేసుకోవద్దని చెబుదామనుకున్నాను. ఆ మాట నా నోట రావడానికి నాకు ధైర్యం చాలలేదు. నింద వేస్తే నా మీద తప్ప ఎవరి మీద వేస్తాడు? అత్తయ్య ప్రేమగా పోసింది, అతను అడగ్గానే తెచ్చాడు, మాత్ర అందులో కలిపింది నేను. చెయ్యి చాపితే అతను పట్టుకున్నాడు.

చాలాసేపటికి తలుపు తీసుకుని మంజూష గారు వచ్చారు.

"లెవీ గారూ, మీరొక్కరు రండి."

ఫలితం ఏదైనా ఆ మనిషికి ఒంటరిగానే చెప్పడం అక్కడి పద్ధతి. నాకు తెలుసు. మంచైనా చెడైనా అలాగే పిలుస్తారు. లెవీ లేచాడు గానీ నా చెయ్యి వదల్లేదు.

"ఒక్కన్ని రాను మేడం. ఏదున్నా ఆమె ముందల్నే చెప్పున్రి."

"మీ ఇష్టపూర్వకంగానే అంటున్నారా?"

"అవును మేడం. ఆమె నాకు పెళ్లికి ముందే చెప్పింది. నాది నేను దాస్తనా?"

నన్ను నమ్మలేదని ఐదు రోజులుగా నేను మండిపడ్డ మనిషి, నమ్మడమంటే ఏమిటో నాకు ఆ వరండాలో నిలబడి చూపించాడు. నేను లేచాను. ఇద్దరం లోపలికి వెళ్లాం. మంజూష గారు తలుపు గడియ పెట్టి, తన కుర్చీ మా ఎదురుగా లాక్కుని కూర్చున్నారు. మామూలుగా గొంతు పెంచని, తగ్గించని మనిషి. ఈసారి తగ్గించారు.

"లెవీ గారూ, నేను చెప్పేది మధ్యలో ఆపకుండా పూర్తిగా వినండి."